రెండు ఘనపూర్లు, ఒక 'కదా'

నలభై రెండు జతల కళ్లద్దాలను ఒకే పూటలో నలభై రెండు తప్పు ముక్కుల మీద పెట్టించిన మనిషిని మీరు ఇంతవరకూ చూసి ఉండరు. ఆ కొరత తీర్చడానికే ఇది రాస్తున్నాను. పెట్టింది నా చేతులతో కాదు. ఆ సమయానికి నేను అక్కడ లేనే లేను. ఇంకో జిల్లాలో ఫ్యాను కింద, మైకు ముందు నిలబడి, కొత్తగా పనిలో చేరినవాళ్లను ఎలా తీర్చిదిద్దాలో నలుగురికీ చెబుతున్నాను. అయినా ఈ ఘనకార్యం పూర్తిగా నాదే. చివరిదాకా చదివితే మీరూ ఒప్పుకుంటారు.

ఆరేళ్ల కిందటి మాట. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పల్లెలకు వెళ్లి, ఉచితంగా కంటి పరీక్షలు చేసి, అవసరమైనవాళ్లకు అద్దాలు చేయించి ఇచ్చే ఒక చిన్న సంస్థలో నా ఉద్యోగం. మహబూబాబాద్‌ను మా వైపు అందరూ మానుకోట అనే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఎనిమిదేళ్లు ఊరూరా అక్షరాల చార్టు పట్టుకొని నిలబడ్డాక నన్ను మూడు జిల్లాలకూ ఇన్‌ఛార్జిని చేశారు. జనగామలో రెండు గదుల ఆఫీసు, ఒక పాత వ్యాను, ఆ వ్యానును తోలే యాకూబ్ అన్న, ఒక తిరిగే కుర్చీ. ఇదీ నా రాజ్యం. ఆ కుర్చీ ఒక వైపుకే తిరిగేది. నేనూ అంతేనని తర్వాత తెలిసింది.

ఇన్‌ఛార్జినైన వారానికే నాలో ఒక గొప్ప గుణం ఉన్నట్టు కనిపెట్టాను. నేను ఎవరినీ గద్దించను, ఎవరికీ ఆజ్ఞలు ఇవ్వను. అన్నీ అడుగుతాను. చార్టు పెట్టుకున్నవ్ కదా, ఫోన్ల చార్జింగ్ ఉంది కదా, అర్థమైంది కదా. అడిగిన ప్రతిదానికీ అవుననే జవాబు వచ్చేది. నా చేతి కింద పనులింత చక్కగా జరుగుతున్నాయంటే అది నా ప్రశ్నల మహిమే అనుకున్నాను.

నిజానికి ఆ అలవాటు మా తాతది. మాది బచ్చన్నపేట. తాత పొద్దున్నే పత్తిచేను గట్టు మీద నిలబడి, పురుగుమందు కొట్టిండ్రు కదా అని కేకేసేవాడు. చేలో ఉన్నవాళ్లంతా వంచిన నడుం ఎత్తకుండానే కొట్టినం పటేలా అనేవారు. ఆయన తృప్తిగా ఇంటికొచ్చి చాయ్ తాగేవాడు. ఏటేటా మా పత్తికే పురుగు ఎందుకు పట్టేదో మా ఇంట్లో ఎవరికీ అంతుబట్టలేదు.

అనిత ఆ రోజుల్లోనే మా దగ్గర చేరింది. మానుకోట దగ్గరి ఒక తండా పిల్ల. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బయటికొస్తే తెలుగు. ఇరవై రెండేళ్లు. బ్యాగును ఒళ్లో రెండు చేతులతో పట్టుకొని, బస్సులో ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు కుర్చీ అంచున కూర్చునేది. వాళ్ల తండాలో పత్తి ఏరడానికో మిరప కోయడానికో వలస పోకుండా ఉద్యోగం దొరికిన మొదటి ఆడపిల్ల తనే. మూడు నెలలు పని చూసి, బాగుంటే ఖాయం చేయడం మా సంస్థ పద్ధతి. ఆ చూడాల్సింది నేను.

చాలా శ్రద్ధగా నేర్పాను. రోజూ అరగంట నేను మాట్లాడేదాన్ని. చివర అర్థమైంది కదా అనేదాన్ని. అర్థమైంది మేడం అనేది. ఇంత చురుకైన పిల్లను ఎన్నడూ చూడలేదని హనుమకొండలోని పై ఆఫీసుకు రాశాను. ఆ పిల్ల చురుకైనదన్న మాట నిజమే. నేను దాన్ని తెలుసుకున్న పద్ధతి మాత్రం, దర్జీ తన టేపును తన నడుముకే చుట్టుకొని ఊరందరికీ చొక్కాలు కుట్టడం లాంటిది.

ఇక్కడ మీకు కొంచెం భూగోళం చెప్పాలి. మా వైపు ఘనపూర్లు రెండు. ఒకటి జనగామ నుంచి కాజీపేట పోయే దారిలో రైలు పట్టాల పక్కన ఉంటుంది. దాన్ని స్టేషన్ ఘనపూర్ అంటారు. మా ఆఫీసు నుంచి ముప్పావు గంట. రెండోది భూపాలపల్లి జిల్లాలో, ములుగు అవతల. దాన్ని ములుగు ఘనపూర్ అంటారు. మా వ్యాను నడకకు మూడు గంటలు. అక్కడ చెరువుంది, పాత గుళ్లున్నాయి, పొలాలున్నాయి. రైలు మాత్రం లేదు.

నెల రోజుల ముందు ఆ ములుగు ఘనపూర్ బడిలో కంటి పరీక్షలు చేశాం. అనిత ఆ రోజు మానుకోటలో వేరే పనిలో ఉంది, రాలేదు. నలభై రెండు మందికి అద్దాలు కావాలని తేలింది. అవి తయారై, ఒక్కో డబ్బా మీద ఒక్కో పేరుతో జనగామకు వచ్చాయి. గురువారం పంచాలి. సరిగ్గా అదే గురువారం మానుకోటలో మాలాంటి సంస్థలవాళ్ల సమావేశం. కొత్తవాళ్లకు పని నేర్పడం గురించి నన్ను మాట్లాడమన్నారు. అలాంటి పిలుపు నాకదే మొదలు. పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చాను. పంపిణీకి అనితను ఒక్కదాన్నే పంపుదామని నిశ్చయించాను.

బుధవారం మధ్యాహ్నం ఆమెను పిలిచి ఒకే ఊపిరిలో అడిగాను.

"అనితా, రేపు ఘనపూర్ పోయి అద్దాలు పంచాలె. ఒక్కదానివే చూసుకుంటవ్ కదా?"

"చూసుకుంట మేడం."

"ఘనపూర్ తెలుసు కదా?"

"తెలుసు మేడం."

"లిస్టుల పేర్లున్నయ్, వయసులున్నయ్. పిలిచి ఇచ్చుడే. కష్టమేం లేదు కదా?"

"లేదు మేడం."

"తొమ్మిదికి బయలెల్లితే పదకొండు లోపల చేరుతరు కదా?"

"చేరుతం మేడం."

మూడు గంటల దారికి రెండు గంటలు చాలన్న ఆ లెక్క ఎవరిదో మీరు గమనించే ఉంటారు. అప్పటికి నా మనసు జనగామలో లేదు, ఇస్త్రీ దుకాణంలో ఉంది. గురువారం పొద్దున రైలుకు పోతూ, వ్యాను కడుగుతున్న యాకూబ్ అన్నను కూడా వదలలేదు. డీజిల్ ఉంది కదా అన్నా అని అడిగాను. ఉంది మేడం అన్నాడు. నా బాధ్యత తీరింది.

మానుకోట పోయే రైలు స్టేషన్ ఘనపూర్ మీదుగానే పోతుంది. కిటికీలోంచి ఆ పసుపు బోర్డు చూశాను కూడా. ఘనపూర్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అది చదివి, నా ఉపన్యాసం కాగితం మళ్లీ మడతపెట్టుకున్నాను.

అక్కడ జరిగింది నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. పదింటికల్లా మా వ్యాను స్టేషన్ ఘనపూర్‌లో పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగింది. యాకూబ్ అన్న మైకు పెట్టి, కండ్లద్దాలు ఇస్తున్నాం రండి అని నాలుగు సార్లు పిలిచాడు. ఆ ఊరివాళ్లను తప్పుపట్టడానికి లేదు. కిందటేడు ఎవరో వచ్చి కళ్లు చూసి, అద్దాలు పంపిస్తామని చెప్పి పోయారట. ఇన్నాళ్లకైనా మాట నిలబెట్టుకున్నారని సంతోషించి వచ్చారు. అనిత పేర్లు చదవడం మొదలుపెట్టింది. మా వైపు ఏ ఊళ్లోనైనా కొమురయ్య అని పిలిస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. లచ్చమ్మ అంటే వాడ సగం లేస్తుంది. ఇంటిపేరు చూసి ఇవ్వొచ్చు కదా అంటారు మీరు. లిస్టులో ఇంటిపేర్లు లేవు. ఆ లిస్టుకు గళ్లు గీసింది నేనే. ఇంటిపేరు గడి తీసేస్తే కాగితం అందంగా కుదిరిందని తీసేశాను.

పది పన్నెండు డబ్బాలు ఇచ్చేసరికే అనితకు అనుమానం వచ్చింది. లిస్టులో రాజయ్యకు డెబ్బై ఒకటి. వచ్చిన రాజయ్య నల్లని జుట్టుతో, మోటారు సైకిలు దిగి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. నువ్వే రాజయ్యవా అంటే ఆధార్ కార్డు తీసి చూపించాడు. కార్డు మీద రాజయ్య అనే ఉంది. ఆ తర్వాత వచ్చిన నర్సమ్మ లిస్టు కన్నా పాతికేళ్లు చిన్నది. అనిత పక్కకు పోయి నాకు ఫోన్ చేసింది. రెండు సార్లు కట్ చేశాను. మూడోసారి, అప్పుడే నా పేరు పిలవబోతుండగా, కొంగు అడ్డం పెట్టుకొని ఎత్తాను.

"మేడం, ఇక్కడ వయసులు..."

"పేర్లు కలుస్తున్నయ్ కదా?"

"కలుస్తున్నయ్ మేడం, కని..."

"జనం మంచిగనే ఉన్నరు కదా? లొల్లేం లేదు కదా?"

"లేదు మేడం."

"మరింకేంది, ఇచ్చేయ్. భయపడకు."

ఫోన్ పెట్టేసి మైకు దగ్గరికి వెళ్లాను. రాసుకున్న ఉపన్యాసం పక్కనపెట్టి, ఇప్పుడే జరిగిన ఉదాహరణ చెబుతానన్నాను. మా కొత్త అమ్మాయి మొదటిసారి ఒంటరిగా పోయిందనీ, భయపడి ఫోన్ చేసిందనీ, నేను జవాబు చెప్పలేదనీ, మూడంటే మూడు ప్రశ్నలు అడిగి ఆమె భయం పోగొట్టాననీ చెప్పాను. అడగడం తెలిస్తే చాలు, చెప్పాల్సిన పనే ఉండదన్నాను. చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఒకాయన ఆ మాట నోట్సులో రాసుకున్నాడు. ఆ చప్పట్లు ఇప్పటికీ అప్పుడప్పుడు నా చెవుల్లో వినిపిస్తాయి. వినిపించినప్పుడల్లా దిండు తీసి మొహానికి అదుముకుంటాను.

భోజనాల దగ్గర ఫోన్ మోగింది. ఎల్లక్క. ములుగు ఘనపూర్‌లో ఆశ వర్కరు. కంటి పరీక్షలకు ఆ ఊరివాళ్లను పోగుచేసింది ఆమే.

"ఏం మేడం, పొద్దటి సంది నలభై మందిని బడికాడ కూసోబెట్టిన. మీ బండి ఎప్పుడొస్తది?"

నేను నవ్వి, పంపిణీ అయిపోవచ్చిందని చెప్పాను.

"ఎక్కడ అయిపోవచ్చింది?"

"ఘనపూర్ల."

"నేను ఘనపూర్లనే ఉన్న మేడం."

అలాంటప్పుడు తెలివైన మనిషికి ఏదో తోచాలి. నాకు తోచింది ఏమిటంటే, వ్యాను బడి వెనకాల ఆగి ఉంటుందని. ఒకసారి చూసి రమ్మన్నాను. ఆమె పాపం చూసి వచ్చింది. బడి వెనకాల రెండు బర్రెలున్నయ్, ఇంకేం లేదని చెప్పింది. ఉండు అని అనితకు చేశాను.

"అనితా, ఘనపూర్లనే ఉన్నవ్ కదా?"

"ఉన్న మేడం. అందరికిచ్చినం. ఆఖరి డబ్బా గూడ అయిపోయింది."

అప్పుడు ఆమె మాట వెనక ఒక కూత వినబడింది. పొడుగ్గా, తీరిగ్గా, ఎవరికీ ఏ తొందరా లేనట్టు. దాని వెనకే పట్టాల మీద చక్రాల చప్పుడు. అది ఎంతకీ అయిపోలేదు. బొగ్గు గూడ్సు అయి ఉంటుంది.

"అనితా, ఆ చప్పుడేంది?"

"రైలు మేడం."

ఆ రెండున్నర నెలల్లో నేను ఆమెను జవాబు తెలియక అడిగిన మొట్టమొదటి ప్రశ్న అదే. మొదటి ప్రశ్నకే అంత జవాబు వస్తుందనుకోలేదు. చేతిలో పెరుగన్నం ప్లేటు ఎవరికిచ్చానో, ఎలా స్టేషనుకు పోయానో గుర్తులేదు.

మర్నాడు ముగ్గురం స్టేషన్ ఘనపూర్ పోయాం. నిన్న ఇచ్చిన అద్దాలు దయచేసి వాపస్ ఇయ్యాలె అని యాకూబ్ అన్న మైకులో చెప్పాడు. నిన్న మైకు వినగానే వచ్చిన ఊరు ఇవాళ అదే మైకు వినగానే తలుపులు వేసుకుంది. ఇల్లిల్లూ తిరిగాం. ఒక వాడలో ముగ్గురు ఆడవాళ్లు అరుగు మీద కూర్చొని, ఒకరి అద్దాలు ఒకరు పెట్టుకొని చూసుకొని, ఎవరికేది నప్పితే అది ఉంచేసుకున్నారు. మా పరీక్ష కన్నా వాళ్ల పద్ధతే నయంగా ఉంది. మోటారు సైకిలు రాజయ్య మాత్రం మర్యాదగా ఇచ్చేశాడు. అవి పెట్టుకొని బండి తోలితే ఎదురుగా వచ్చే లారీ ఒకటో రెండో తెలియలేదట.

కొమురయ్య అనే పెద్దమనిషి దగ్గర చిక్కుపడ్డాం. ఆయనకు దక్కినవి దగ్గరి చూపు కోసం చేసిన అద్దాలు, మందంగా ఉంటాయి. అవి పెట్టుకొని చేను దగ్గరికి పోయి, బెత్తెడు పిల్లకాలువను పెద్ద కాలువ అనుకొని ఎగిరి దూకి బురదలో పడ్డాడు. మోకాలికి కట్టు కూడా ఉంది. అయినా ఇవ్వనంటాడు.

"నా చేను గింత పెద్దగ ఎన్నడు కనబడలే బిడ్డా. ఉండనియ్."

ఆయన కళ్లల్లో ఆ సంతోషం చూశాక అడగడం మానేశాను. ఆ ఊళ్లో మళ్లీ సరిగ్గా పరీక్షలు పెట్టి, ఎవరి కళ్లకు తగ్గవి వాళ్లకు చేయించి ఇస్తామని అందరికీ మాటిచ్చాం. పొద్దుగూకక ముందే నలభై ఒక్క జతలు తిరిగొచ్చాయి. కొమురయ్య చేను మాత్రం ఆయన పరీక్ష అయ్యేదాకా అలాగే పెద్దగా ఉండిపోయింది.

ఆ రోజంతా అనిత ముందు నడిచి తలుపులు తట్టింది, నేను వెనక జతలు లెక్కపెట్టాను. ఆమె మూడు నెలలు ఇంకో పది రోజుల్లో ముగుస్తాయన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

శనివారం సంజాయిషీ రాయడానికి కూర్చున్నాను. మీ దగ్గర దాచను. అనిత తొందరపాటు వల్ల, ఊరు సరిగ్గా కనుక్కోకపోవడం వల్ల, వయసులు కలవకపోయినా ఇచ్చేయడం వల్ల అని మొదలుపెట్టి ఒక పేజీ రాశాను. ఎంత సులువుగా వచ్చిందంటే, కలం దానంతటదే నడిచింది. అంతలో హనుమకొండ పై ఆఫీసు నుంచి మా పెద్ద డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆమె ఎవరినీ తిట్టదు. తిడితే బాగుండుననిపించేలా నిదానంగా మాట్లాడుతుంది.

"ఆ పిల్లను పంపే ముందు, పంపినంక నువ్వు ఏమేం అడిగినవ్, ఆమె ఏమేం చెప్పింది? మాట మాట రాసి పంపు," అన్నది.

ఇదేం కష్టమని కాగితం మధ్యలో గీత గీశాను. ఎడమ పక్క నా మాటలు, కుడి పక్క ఆమె మాటలు. రాయడం అయ్యాక చూసుకున్నాను. ఎడమ పక్క కిక్కిరిసి ఉంది. కుడి పక్క చూసుకుంట మేడం, తెలుసు మేడం, లేదు మేడం, చేరుతం మేడం. ఆ కుడి పక్కన అనితకు బదులు బావిని నిలబెట్టినా అవే జవాబులు వచ్చేవి. ఆమె సొంతంగా ఎత్తుకున్న మాట మొత్తం మీద ఒక్కటే ఉంది. ఇక్కడ వయసులు అని మొదలైంది. అది కూడా పూర్తి కాలేదు. ఎందుకు పూర్తి కాలేదో ఎడమ పక్క నా అక్షరాలతోనే రాసి ఉంది.

అయినా మనిషిని కదా, ఆఖరి ప్రయత్నంగా యాకూబ్ అన్నను పిలిచాను. తప్పులో కొంచెం ఆయనకైనా పంచుదామని.

"అన్నా, పోయిన నెల మనం ములుగు ఘనపూర్ పోయినట్టు నీకు యాది లేదా?"

"నేనే తోలుకపోతి. యాది లేకేంది?"

"మరి గురువారం చెప్పొద్దా?"

"మీరు నన్ను డీజిల్ ఉన్నదా అన్నరు. ఉన్నదన్న. అనితమ్మ పదకొండు లోపల చేరాలె అన్నది, మేడం చెప్పిన టైమని చెప్పింది. గా టైముకు చేరేది స్టేషన్ ఘనపూరే. మేడం ప్రోగ్రాం మార్చినట్టుందిలే అనుకున్న."

పేజీ చింపేశాను. ఊరు ఏదో చెప్పనిది నేను, టైము తప్పు చెప్పింది నేను, ఇంటిపేర్లు కొట్టేసింది నేను, పిల్ల అనుమానం చెప్పబోతే నోరు మూయించింది నేను అని రాసి, రెండు గడుల కాగితం దానికి జతచేసి, సంతకం పెట్టి పంపాను. సాయంత్రానికి డాక్టరమ్మ దగ్గర నుంచి ఒక్క వరుస జవాబు వచ్చింది. పిల్లను ఉంచు, నీ సంగతి ఆలోచిస్తా అని.

సోమవారం ఆరింటికే బయల్దేరి ములుగు ఘనపూర్ చేరాం. ఎల్లక్క మమ్మల్ని చూసి నమస్తే పెట్టింది గాని కుర్చీ వేయలేదు. గురువారం ఎంతమంది ఎంతసేపు కూర్చున్నారో, ఎవరెవరు కూలి వదులుకొని వచ్చారో పేరు పేరునా చెప్పింది. నిలబడే విన్నాను. ఆ ఊరి కొమురయ్యకు ఇంకో జత చేయిస్తామని ఒప్పుకున్నాక పంపిణీ మొదలైంది. లిస్టులో బుచ్చమ్మ అని ఉన్న, ఊరంతా బుచ్చవ్వ అనే ఎనభై ఏళ్ల ముసలమ్మకు నేనే స్వయంగా అద్దాలు పెట్టాను.

"కనబడుతాంది కదా అవ్వా?"

"మంచిగ కనబడుతాంది బిడ్డా."

లిస్టులో టిక్కు పెట్టబోయాను. అంతలో అనిత అవ్వ పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది.

"అవ్వా, ఇంటికాడ ఏం పని చేసేటప్పుడు కండ్లు కనబడక తిప్పలైతాంది?"

అవ్వ ఆలోచించింది. "బియ్యంల రాళ్లు ఏరేటప్పుడు. మనుమరాలు బువ్వ తింటే పంటి కింద రాయి వస్తాంది. నన్ను కోపం జేస్తది," అన్నది.

అనిత లేచి, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె దగ్గర పళ్లెంలో దోసెడు బియ్యం తెచ్చి అవ్వ ముందు పెట్టింది. అవ్వ పళ్లెం ముఖం దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టుకుంది, చివరికి అద్దాలు తీసేసి చూసింది. ఏం కనబడుతలేదు బిడ్డా, నువ్వు మంచిగ అడిగినవని కనబడుతాంది అన్న అని నావైపు చూసి చెప్పింది. అనిత లిస్టు తిరగేసింది. ఆ ఊళ్లో బుచ్చమ్మలు ఇద్దరు. అవతలి వరుసలో కూర్చున్న రెండో బుచ్చమ్మ డబ్బా తెచ్చి మార్చి పెట్టింది. అవ్వ పళ్లెంలోకి చూసి ఒక్కొక్క రాయీ తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. దోసెడు అయ్యాక ఇంకో దోసెడు తెమ్మన్నది. మేము వచ్చేసే సరికి వంట ఆమెను పిలిచి, పిల్లలకు ఇసొంటి బియ్యం పెడతారా అని నిలదీస్తోంది.

మిగతా వాళ్లందరినీ అనితే అడిగింది. నేను టిక్కులు పెట్టాను. ఆ ఊరి దర్జీ సూదిలో దారం ఎక్కించి చూపించాడు. ఒకాయన గుడి గోపురం మీద కూర్చున్న పావురాలను లెక్కపెట్టాడు. నా లిస్టులో ఇంకో రెండు డబ్బాలు తారుమారై ఉన్నాయని అలాగే తేలింది.

తిరుగు దారిలో, ములుగు రాకముందే వ్యాను పంక్చరైంది. మార్చి ఎండ. రోడ్డుకు రెండు పక్కలా కోసేసిన పొలాలు, గొడుగంత చెట్టు కూడా లేదు. యాకూబ్ అన్న జాకీ పెట్టాడు. నేనూ అనితా రోడ్డు పక్కన నిలబడ్డాం. బుచ్చవ్వను ఆమె అడిగిన ప్రశ్న నా తలలో తిరుగుతోంది. అలాంటిది ఒకటి నేనూ అడిగి చూద్దామనిపించింది.

"అనితా, నాతోని పనిచేసుడుల నీకు కష్టమయ్యేది ఏంది?"

ఆమె రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఒక ఆర్టీసీ బస్సు పోయింది. ఒక ట్రాక్టరు పోయింది. ఏం లేదు కదా అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని ఆపడానికి పళ్లతో నాలికను నిజంగానే కొరుక్కున్నాను. ఇంకో బస్సు పోయాక అనిత మాట్లాడింది.

"మా ఇంట్ల తెలుగు మాట్లాడరు మేడం. బడిల నేను నేర్చిన మొదటి తెలుగు మాట, అర్థమైంది సార్. దాని అర్థం ఏందో నాకు రెండేండ్లకు తెలిసింది. మీరు అర్థమైంది కదా అంటే, నాకు ఒకటో తరగతి యాదికొస్తది."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

"రోజు పొద్దుగాల, తిన్నవ్ కదా అంటరు. తిన్న అంట. నేను అయిదింటికి తండాల బయలెల్లుత. ఒక్కనాడు గూడ తిని రాలే."

దీని మీద హాస్యం చేయడానికి నా దగ్గర ఏమీ లేదు. మర్నాటి నుంచి ఆఫీసులో పొద్దున ఉప్మా వండిస్తున్నామని మాత్రం చెప్పగలను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అది మొదలు మాత్రమేనని తర్వాత తెలిసింది. చేరిన మొదటి రోజు నుంచి వరసగా చెప్పుకుంటూ వచ్చింది. నా చేతిరాత ఎవరికీ చదవరాదట. నేను గీసిచ్చే దారి బొమ్మల్లో ఉత్తరం ఎప్పుడూ కాగితం కింది వైపు ఉంటుందట. ఎవరి మాటైనా సగంలో అందుకొని నేనే పూర్తిచేస్తానట, అది కూడా తప్పుగా. ఫోన్ రెండు సార్లు కట్ చేసి మూడోసారి ఎత్తడం వల్ల అందరూ ఇప్పుడు వరసగా మూడు సార్లు చేస్తున్నారట. చెప్పేది నిదానంగా, గొంతు పెంచకుండా, ఒక్కటి కూడా అబద్ధం లేకుండా చెప్పింది. నెత్తి మీద ఎండ, కాళ్ల కింద కాలుతున్న తారు. యాకూబ్ అన్న టైరు ఎప్పుడో మార్చేశాడు. వినడానికి వీలుగా బిగించిన బోల్టునే మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు. మధ్యలో తన వంతుగా రెండు మాటలు కలిపాడు కూడా. గంట గడిచింది. నాకు కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయి. ఇక అయిపోయి ఉంటుందన్న ధీమాతో, కొత్తగా వచ్చిన విద్యను ఇంకొక్కసారి ప్రయోగించాను.

"ఇంకేమన్న ఉందా?"

"ఉంది మేడం," అన్నది అనిత. "కని ముందుగాల జర బండ్లెకు వచ్చి కూసోండ్రి. చానా ఉంది."

అది హనుమకొండ దాటేదాకా ఉంది.

అనిత ఇప్పుడు మానుకోట ఆఫీసు ఇన్‌ఛార్జి. లిస్టుల్లో ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, దగ్గర్లో రైలుందో లేదో అన్నీ రాయిస్తుంది. నా సంగతి డాక్టరమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా గట్టిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కింద పనిచేసే మనిషిని నిజంగా జవాబు కావాలని ఏదైనా అడగాల్సి వస్తే, ముందు నీడ చూసుకుంటాను, కింద పరుచుకోవడానికి ఏదైనా తెచ్చుకుంటాను, మంచినీళ్ల సీసా నింపి పక్కన పెట్టుకుంటాను, ఆ పూటకు ఇంకే పనీ పెట్టుకోను. మిట్టమధ్యాహ్నం ఎండలో, నడిరోడ్డు మీద, ఖాళీ కడుపుతో నిలబడి మాత్రం అంత మంచి ప్రశ్న ఈ జన్మలో ఎవరినీ అడగను.